పాతాళజలపు పెంకుపురుగులు: నామకరణ వర్గీకరణములపై ఒక విమర్శ

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములందు పుట్టి పెరిగినవారికి బావిని గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. కపిల తోలిన పెద్దలను ఎరిగినవారు మనలో ఇంకను ఉన్నారు. చేదిన నీటిని బిందెలో పోయునపుడు దాని మూతికి పలుచని గుడ్డ కట్టి వడియగట్టుట మన ఇండ్లలో వాడుక. గుడ్డపై మిగిలిన నలుసులను దులిపివేసి పని చూచుకొనుటయే గాని, ఆ నలుసులలో ఏదైన కదలుచున్నదా యని వంగి చూచినవారు తక్కువ. ఇతర దేశములలో కొందరు విద్వాంసులు సరిగా ఆ పనినే చేసిరి. వారి గుడ్డ మరికొంత సన్నని వల; వారి బిందె ఒక సీసా. అట్లు వారికి దొరకిన ప్రాణులలో కండ్లును, ఎగురు రెక్కలును లేని నీటి పెంకుపురుగులు మిక్కిలి విచిత్రమైనవి. వానికి పెట్టిన పేర్లు, ఆ పేర్లను తరువాతివారు దిద్దిన తీరు, ఆ దిద్దుబాటు నుండి మన సీమలో ఈ వెదకులాటకు పూనుకొనువారు తెలిసికొనదగిన సంగతి ఈ వ్యాసమున విచారింపబడుచున్నవి.

ముందుగా పురుగును గూర్చి నాలుగు మాటలు. మన చెరువులలోను కుంటలలోను ఈదులాడు నీటి పెంకుపురుగులలో డైటిసిడే అను కుటుంబము పెద్దది. ఇవి ఇతర పురుగులను వేటాడి తినును. ముందు రెక్కలు గట్టి పెంకులై వీపును కప్పియుండును. వాని క్రింద ఎగురుటకు పనికివచ్చు పలుచని రెక్కలు మడచుకొనియుండును. కుంట ఎండినచో రాత్రివేళ ఎగిరి మరియొక కుంటను చేరుకొనును. ఊపిరికై అప్పుడప్పుడు తోకవైపు పైకెత్తి నీటి మీదికి వచ్చి, పెంకుల క్రింద గాలిని పట్టుకొని మరల మునుగును. బిందెడు నీటిని చంకనెత్తుకొని పోయినట్లు ఇది గుక్కెడు గాలిని వీపుమీద మోసికొనిపోవును.

భూగర్భమున నివసించు దాని చుట్టములకు ఈ సదుపాయములు లేవు. అచ్చట వెలుగు లేదు. కనుక కన్ను లేదు. ఎగురుటకు చోటు లేదు; కనుక ఎగురు రెక్క లేదు, లేదా మొలకగా మిగిలినది. పెంకులు తరచుగా ఒకదానితో నొకటి అతుకుకొనిపోయి యుండును. ఒంటి రంగు వెలిసి తేనెరంగుగనో పాలిపోయిన గోధుమరంగుగనో కనబడును. పరిమాణమో, పెద్దదైనను ఇంచుమించు అయిదు మిల్లీమీటర్లు. ఇంత చిన్నదిగా ఎందుకుండవలెనను ప్రశ్నకు 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక సమాధానము చూపిరి. ఈ పురుగులు గాలికొరకు పైకి రావు. నీటిలో కరగియున్న ఆమ్లజనిని ఒంటి పైపొర ద్వారానే పీల్చుకొనును. ఒళ్ళు పెరిగినకొలది ఆ పైపొర ద్వారా వచ్చు ఆమ్లజని చాలదు. కాబట్టి వాని చిన్నతనమునకు ఇరుకు సందులతో పాటు ఊపిరియు ఒక కారణము. ఈ విషయమును పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. మన రాతినేలను గూర్చి చెప్పునపుడు దీనితో పని యున్నది.

ఇట్టి పురుగు లోకమునకు తెలిసినది 1904లో. ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున ఒక బావిలో దొరకిన దానికి అబెయ్ ద పెరాఁ అను పండితుడు సియెట్టిటియా బాల్సెటెన్సిస్ అని పేరుపెట్టెను. 1925లో గ్వీన్యో అను ఆయన అదే ప్రజాతిలో రెండవ జాతిని వర్ణించెను. 1957లో జపానున ఉయేనో మోరిమోటోవా, ఫ్రియాటోడైటిస్ అను ప్రజాతులను స్థాపించెను. 1976లో టెక్సాసు రాష్ట్రమున ఒక పాతాళగంగ బావి నుండి హైడియోపోరస్ టెక్సానస్, అదే సంవత్సరమున న్యూజీలండు నుండి ఫ్రియాటోడెస్సస్ హేడీస్ వెలువడినవి. ఇరువది ముప్పది ఏండ్లకు ఒకటి రెండు చొప్పున దొరకిన ఈ పురుగులు ప్రకృతి వింతలుగనే పరిగణింపబడినవి గాని, ఒక పెద్ద సంసారముగా ఎవరును భావింపలేదు.

పేర్లను గూర్చి ఇచ్చట ఒక చిన్న మాట. ఐరోపా సంప్రదాయమున పెరిగిన పండితులకు భూగర్భమనగానే యమలోకము తోచినది. హేడీస్ గ్రీకుల పాతాళాధిపతి. స్టిగోపోరస్ అను పేరులో వారి వైతరణియైన స్టిక్స్ నది యున్నది. ఎరెబోపోరస్‌లో నరకాంధకారము, సైకోపోంపోరస్‌లో ప్రేతాత్మలను తోడ్కొనిపోవు దూత యున్నారు. మన పురాణములలో పాతాళము చావుచోటు కాదు; నాగులు భోగవతీ నగరమున సుఖముగా నుండు స్థలము. స్వర్గముకంటె పాతాళమే రమ్యమని నారదుడు పలికినట్లు విష్ణుపురాణము చెప్పును. 2022లో కేరళ భూగర్భజలమున దొరకిన పాంబువంటి ఒక చిన్న చేపకు పాంజియో పాతాళ అని పేరుపెట్టినవారు ఈ భావమునకు కొంత సమీపించిరి. ఆ నీటిలో ఉన్నవి ప్రేతములు కావు, బ్రదుకుచున్న ప్రాణులు.

ఇక అసలు విషయము. 1999లో దక్షిణ ఆస్ట్రేలియా మ్యూజియమునకు చెందిన క్రిస్ వాట్స్, పశ్చిమ ఆస్ట్రేలియా మ్యూజియమునకు చెందిన విలియం హంఫ్రీస్ కలిసి ఒక పత్రము ప్రకటించిరి. అందులో ఒక్కసారిగా మూడు క్రొత్త ప్రజాతులు, అయిదు క్రొత్త జాతులు! తరువాతి పదేండ్లలో వారి పత్రములు వరుసగా వెలువడినవి. ఆ దేశపు కన్నులేని నీటి పెంకుపురుగుల సంఖ్య వందకు చేరువయైనది. వారు వెదకిన చోటు పశ్చిమ ఆస్ట్రేలియా నడుమనున్న యిల్‌గార్న్ అను ఎండు నేల. అచ్చట పూర్వపు నదుల లోయల వెంట సున్నపుగడ్డ పొరలు ఏర్పడినవి. వానిని కాల్‌క్రీట్ అందురు. జల్లెడవలె గుల్లగుల్లగా నుండు ఆ పొరలలో నీరు నిలిచియుండును. గొర్రెల మందలకై త్రవ్విన బావులు, ఖనిజములను వెదకుటకై వేసిన సన్నని బోరు రంధ్రములు పండితులకు వాకిళ్ళయినవి. రంధ్రములోనికి వలను దింపి, అడుగున కదలించి, పైకి లాగుట. పని అంతయు ఇంతే. గనుల వారికి పనికిరాని రంధ్రమొకటి జంతుశాస్త్రమునకు తలుపైనదన్నమాట.

ఒక్కొక్క సున్నపుపొర ఒక్కొక్క ద్వీపము. నడుమనున్న బంకనేలను దాటి ఈ పురుగులు ప్రక్క పొరకు పోజాలవు. కావున ఒక పొరలో నున్న జాతి సాధారణముగా మరియొక పొరలో నుండదు. 2002లో కూపర్, వాట్స్, హంఫ్రీస్ మున్నగువారు ప్రకటించిన పత్రమునకు ఎడారి క్రింది ద్వీపములను అర్థమిచ్చు పేరు పెట్టుట అత్యంత సముచితము. అంతకంటె వింత యేమనగా, ఒకే పొరలో రెండు మూడు జాతులు కూడ నివసించును; అట్లున్నపుడు ఒకటి పెద్దది, ఒకటి నడిమిది, ఒకటి చిన్నది. స్టర్ట్ మెడోస్ అను చోట దొరకిన మూడింటికి మాక్రోస్టర్టెన్సిస్, మెసోస్టర్టెన్సిస్, మైక్రోస్టర్టెన్సిస్ అని పేర్లు. పెద్ద స్టర్టు, నడిమి స్టర్టు, చిన్న స్టర్టు అనుట! కొందరికి ఈ పేర్లు కవిత్వములేని పేర్లుగా తోచవచ్చును. ఈ వ్యాసకర్తకు మాత్రము ఇవి ఉత్తమనామములు. ఊరును, ఇంటిలోని వరుసను, రెండింటిని ఒక్క మాటలో చెప్పుచున్నవి. పెద్దన్న, నడిపన్న, చిన్నన్న అని పిల్లలను పిలుచుకొను మనకు ఇది అసహజముగా తోచరాదు.

విమర్శకు తావిచ్చునది ప్రజాతుల స్థాపనము. మొదటి పత్రములలో వాట్స్, హంఫ్రీస్‌లు త్జిర్టుడెస్సస్, నిర్రిడెస్సస్ మొదలగు క్రొత్త ప్రజాతులను, 2001లో నిర్రిపిర్టి అను మరియొక ప్రజాతిని కల్పించిరి. వారికి కారణమేమి? పురుగులకు కండ్లు లేవు, రెక్కలు లేవు, పెంకులు అతుకుకొన్నవి, రంగు లేదు. పైనున్న ఏ పురుగును వీనివలె లేదు. ఇంత వేరుగా నున్నదానిని వేరు ప్రజాతిగా గాక ఎట్లు చెప్పవలెను? 2004లో బాల్కే, రిబేరాలు శరీరలక్షణములతో పాటు జన్యువులను కూడ పోల్చి చూచి, వానిలో చాలభాగము లింబోడెస్సస్ అను, భూమిపై చెరువులలో నివసించు పురుగుల ప్రజాతిలోనే ఇమిడిపోవునని తేల్చిరి. మరి నాలుగేండ్లకు నిర్రిపిర్టియు ఇట్లే పారోస్టర్ అను ఉపరితల ప్రజాతిలో లీనమైనది. ఈసారి దిద్దినవారిలో వాట్స్‌యే ఉండెను. తాను పెట్టిన పేరును తానే కొట్టివేయుట ఏ రంగమునందైనను అరుదు. ఇది గుర్తింపదగిన గుణము.

పొరపాటు ఎచ్చట జరిగినది? కన్ను లేకుండుట వంశలక్షణము కాదు, అది స్థలలక్షణము. సున్నపు బట్టీలో పనిచేసి బయటికి వచ్చిన పదిమంది తెల్లగానే కనబడుదురు. అంతమాత్రమున వారు అన్నదమ్ములు కారు. వేర్వేరు వంశముల పురుగులు వేర్వేరు కాలములలో క్రిందికి దిగి, ఒకే చీకటిలో, ఒకే విధముగా మారినవి. లేనితనమును ఆధారముగా గొని బంధుత్వము చెప్పుటలో ఎల్లప్పుడు ఈ ప్రమాదమున్నది. ఉన్నదానిని పోల్చవచ్చును, లేనిదానిని దేనితో పోల్చుదుము?

అయినను ఆ విద్వాంసులను ఇందుకై నిందించుట న్యాయము కాదని నా అభిప్రాయము. వారు జాతులను వేరుచేయునపుడు కన్నులేమిపై ఆధారపడలేదు. మగపురుగు జననాంగముల ఆకృతిని, కాళ్ళ నిర్మాణమును, ఒంటి కొలతను చూచి జాతులను నిర్ణయించిరి. అందువలన ప్రజాతులు కూలినను జాతులు నిలిచినవి. పేరులోని మొదటి మాట మారినది, రెండవ మాట మిగిలినది. ఇంటిపేరు దిద్దుకొన్నారు గాని మనిషి మారలేదు. మూలప్రతిరూపములు, అనగా జాతికి ప్రమాణముగా భద్రపరచిన పురుగులు, మ్యూజియములలో ఏ బోరులో ఏనాడు దొరకినవో తెలుపు చీటీలతో ఉన్నవి. చీటీ గల తప్పును దిద్దవచ్చును. పేరు పెట్టుటకు జంకి సీసాలో మరచిపోయిన పురుగును ఎవరు దిద్దగలరు?

జన్యుపరీక్షలు వర్గీకరణమును దిద్దుటతో ఆగలేదు. ఒక పాత వాదమునకు సాక్ష్యము కూడ తెచ్చినవి. 2003లో లేయ్స్, వాట్స్, కూపర్, హంఫ్రీస్‌లు జన్యుభేదములను గణించి, ఈ వంశములు సుమారు 90 లక్షల నుండి 40 లక్షల సంవత్సరముల క్రిందటి నడుమ భూగర్భమునకు దిగినవని అంచనా వేసిరి. ఆ కాలమున ఆస్ట్రేలియా ఖండము ఎండిపోసాగినది. పైనున్న కుంటలు మాయమగుచుండగా నీరు దిగిన చోటికి పురుగులును దిగినవి. అయితే ఒకే పొరలోని పెద్దది, చిన్నది ఎట్లు వేరైనవి? ఒకే పూర్వజాతి పలుమార్లు దిగినదా, లేక ఒక్కసారి దిగి క్రిందనే విడిపోయినదా? చాలమంది మొదటి పక్షమును ఊహించిరి. గ్రుడ్డిదై, రెక్కలు కోల్పోయి, మూలబడిన వంశము మరల క్రొత్త జాతులను కనునని నమ్ముట కష్టమయ్యెను.

ఈ చిక్కును విప్పిన పద్ధతి మన తాళపత్రముల పండితులకు ఎరుకపడినదే. ఒక కావ్యమునకు రెండు ప్రతులు దొరకి, రెండింటను ఒకే పద్యమున ఒకే లేఖకదోషమున్నచో ఏమందుము? ఇద్దరు లేఖకులు విడివిడిగా అదే చోట అదే తప్పు చేసిరనుటకంటె, తప్పు గల ఒకే మాతృక నుండి ఇరువురును వ్రాసికొనిరనుట యుక్తము. మంచి పాఠము ఏకముగా నుండుట బంధుత్వమునకు గట్టి సాక్ష్యము కాదు. తప్పు ఏకముగా నుండుట సాక్ష్యము. చూపునకు సంబంధించిన జన్యువులు చీకటిలో పనిలేక చెడిపోవుచుండును. 2021లో లాంగిల్ మున్నగువారు, ఒకే పొరలోని సోదరజాతులలో చూపు జన్యువున ఒకే చోట ఒకే దోషమున్న సందర్భములను చూపిరి. అనగా ఆ దోషము వాని ఉమ్మడి పూర్వజాతియందే ఏర్పడినది. ఆ పూర్వజాతి అప్పటికే చీకటిలో నున్నది. విడిపోవుట ఆ తరువాత భూగర్భముననే జరిగినది. చీకటి వంశమునకు అంతము కాదని ఇట్లు తేలినది. మొదట ప్రజాతుల విషయమున పండితులను త్రోవ తప్పించిన ఆ కన్నులేమియే, లోతుగా చదివినపుడు, వంశచరిత్రకు సాక్షియైనది. చదివిన తీరులోనే భేదము.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. తెలుగునాట భూగర్భజల ప్రాణులను శాస్త్రీయముగా వెదకినవారిలో అగ్రగణ్యులు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమునకు చెందిన వై. రంగారెడ్డిగారు. వారు చూచినవి ముఖ్యముగా పెంకుపురుగులు కావు. రొయ్యలకు దూరపు చుట్టములైన సూక్ష్మ క్రస్టేషియనులు. ష్మింకే అను జర్మను పండితునితో కలిసి 2005లో హాబ్రోబాతినెల్లా ఇండికా, 2009లో కిన్నెకారిస్ గోదావరి అను జాతులను వర్ణించిరి. 2006లో హోల్సింగర్, మెస్సూలీలతో కలిసి ఆగ్నేయభారతపు బావులలోని బోగిడియెల్లా ఇండికాను, 2011లో జార్జి విల్సనుతో కలిసి ఆంధ్రప్రదేశపు గుహలనుండి ఆంధ్రకాయిడిస్ అను క్రొత్త ప్రజాతిని ప్రకటించిరి. ఆంధ్రశబ్దము ఒక ప్రజాతినామమున చేరుట మన సంఘములు సంతోషింపదగిన విషయము. ఆ సంతోషమును సభలలో ప్రకటించినవారిని నేను చూడలేదు.

ఆంధ్రకాయిడిస్ చుట్టములెవరు? 1950లో చోప్రా, తివారీలు కాశీ బావులనుండి వర్ణించిన నికల్సియా కాశియెన్సే ఒకటి. తక్కిన దగ్గరివారు ఆస్ట్రేలియాలో నున్నారు. హాబ్రోబాతినెల్లా ప్రజాతి మొదట 1973లో మడగాస్కరునుండి వర్ణింపబడినది. భారతము, ఆస్ట్రేలియా, మడగాస్కరు పూర్వము గోండ్వానా అను ఒకే మహాఖండమున అంగములు. ఈ ప్రాణులు ఈదవు, ఎగురవు, సముద్రమును దాటలేవు. కనుక వాని బంధుత్వము ఖండములు విడిపోవుటకంటె పూర్వపుదనుట సమంజసముగనే యున్నది.

ఇచ్చట పాఠకులకు ఒక శంక కలుగవచ్చును. కొందరు దానిని సిద్ధాంతముగనే పలుకుదురు. క్రస్టేషియనుల విషయమున మనకును పశ్చిమ ఆస్ట్రేలియాకును చుట్టరికమున్నదిగదా. అచ్చట వంద పెంకుపురుగులు దొరకినవిగదా. కావున మన రాతినేలలోను వాని జ్ఞాతులు ఉండితీరవలెను అని. ఈ వాదము చెల్లదు. రెండు చరిత్రలును వేరు. క్రస్టేషియను వంశములు కోట్ల సంవత్సరముల క్రిందటివి. ఆ పెంకుపురుగుల పాతాళప్రవేశము కోటి సంవత్సరముల లోపుది. అప్పటికి భారతభూమి ఆస్ట్రేలియాను విడిచి ఆసియాను ఢీకొని చాలకాలమైనది. లింబోడెస్సస్ పాతాళజాతులు ఆ దేశపు కుంటలనుండి ఆ దేశపు నేలలోనికి దిగినవి. మన నేలలో పాతాళపు పెంకుపురుగు ఉండినచో, అది ఎక్కువగా మన చెరువుల పురుగునకు జ్ఞాతియై యుండును గాని వారి పురుగునకు కాదు. రొయ్యచుట్టము చెప్పిన సాక్ష్యమును పెంకుపురుగునకు అన్వయించుట, ఒకరి దస్తావేజుతో మరియొకరి పొలమును కొలుచుట వంటిది.

నేలయు వేరు. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు అతిప్రాచీనమైన నైసు, గ్రానైటు రాళ్ళపై నున్నవి. పైన కొన్ని అడుగుల మట్టి, దాని క్రింద పాడుపడిన రాయి, అనగా మనము మొరమని పిలుచునది, దాని క్రింద పగుళ్ళు గల గట్టి బండ. సున్నపుపొరలోని గుల్లలవంటి విశాలమైన అరలు ఇందులో తక్కువ. పురుగు తిరుగుటకు మిల్లీమీటర్ల సందు కావలెను. ఒంటితో ఊపిరి పీల్చుటకు నీటిలో ఆమ్లజని కావలెను. బంకతో పూడిన మొరములో ఈ రెండును సులభము కావు. కావున ఆస్ట్రేలియా సమృద్ధిని మన నేలనుండి ఆశించుట తగదు. వెదకదగిన చోట్లు ఏవనగా, ఏటి ఇసుకలు, బండ పగుళ్ళు దట్టముగా కలిసిన తావులు, అచ్చటచ్చట కనబడు సున్నపుగడ్డ నేలలు. నందికొండల సీమలో పుట్టి మన ఊళ్ళమీదుగా సాగి ఆంధ్రదేశమున పెన్నలో కలియు చిత్రావతి, పాపాఘ్నుల ఇసుకలోనే ముందు వల వేయవలెనని నా తలంపు.

అయితే ఏ వాకిటినుండి వెదకుదుము? పూర్వపు దిగుడుబావి, కపిలబావి మొరమువరకు త్రవ్వినవి. భూగర్భజలము వానిలో బయటపడియుండెడిది. అవి చాలవరకు ఎండి, చెత్తకుండీలై, పూడినవి. వాని స్థానమున వచ్చిన బోరుబావులు వేయి అడుగులను దాటుచున్నవి. బోరుబావికి మొరమున్నంత లోతు కేసింగు గొట్టము దింపి మూసివేయుదురు. పురుగునకు ఆశ్రయము కాగల పైపొర ఆ గొట్టము వెనుకనే ఉండిపోవును. మోటారు దిగిన బోరులో వల దిగదు. నీరు పడని బోరును తెరచియుంచుట పిల్లల ప్రాణములకు ముప్పు. 2010లో సుప్రీముకోర్టు వానిని పూడ్చి మూయవలెనని విధించిన నియమములు సర్వదా పాటింపదగినవి. ఇక మిగిలినవి భూగర్భజలశాఖలవారు నీటిమట్టమును కొలుచుటకై ఉంచిన పరిశీలన బావులు. నీటిమట్టమును కొలుచువాడే, అనుమతితో, ఏడాదికి రెండుసార్లు వలను కూడ దింపినచో ఖర్చు స్వల్పము. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2003లో పర్యావరణ అధికారులు, గనులవంటి పనులకు అనుమతి విచారించునపుడు భూగర్భ ప్రాణులను కూడ లెక్కింపవలెనని మార్గదర్శక పత్రము వెలువరించిరి. ఆ దేశమున పురుగులు అంతగా దొరకుటకు నేలతో పాటు ఈ నియమమును కొంత కారణము. వెదకుమని చట్టము చెప్పినచోట వెదకులాట జరుగును.

బావిలో దొరకిన ప్రతి పురుగును పాతాళవాసి కాదు. తెరచిన బావిలో చెరువు పురుగులు ఎగిరివచ్చి పడును. కండ్లు, రెక్కలు గలవి అట్టివే. పాలిపోయిన పురుగు కూడ అప్పుడే కోశమునుండి వెలువడి రంగు గట్టిపడనిది కావచ్చును. కన్ను లేని పురుగు దొరకినను ఒక్కటి చాలదు. మగది దొరకవలెను, సాధ్యమైనచో డింభకము కూడ దొరకవలెను. ఆస్ట్రేలియాలో డింభకమునకు తల్లిదండ్రులెవరో జన్యువులను పోల్చి తేల్చిరి. అన్నిటికంటె ముఖ్యము, పై చెరువుల పురుగులతో పోలిక. త్జిర్టుడెస్సస్ కథ మనకు నేర్పునది ఇదియే. చెరువు పురుగును ఎరుగనివాడు బావి పురుగును వర్గీకరింపలేడు. మన దేశపు నీటి పెంకుపురుగులపై 1899లో రేజింబార్, ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున భారత జంతుశాస్త్ర సర్వేక్షణమునకు చెందిన టి. జి. వజీరాణి చేసిన కృషి పునాదిగా నున్నది. దానిపై ఒక్కొక్క తాలూకా చెరువుల పురుగులను సేకరించి భద్రపరచుట మొదటి పని, బావి రెండవది.

ఆ మొదటి పనికైనను గడువు ఎక్కువ లేదు. కోలారు జిల్లానుండి 2007లో విడివడిన ఈ జిల్లాలో భూగర్భజలమును మితిమీరి తోడుచున్నామని ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. ఎండిన చెరువులను నింపుటకై బెంగుళూరు నగరపు మురుగునీటిని శుద్ధిచేసి హెబ్బాళ–నాగవార లోయ పథకమున ఇచ్చటికి మళ్ళించిరి. రైతునకు నీరు కావలెను. దానిని కాదనుటకు ఈ వ్యాసకర్తకు నోరు రాదు. కాని క్రొత్త నీటితో చెరువు మారును, చెరువు పురుగులు మారును, క్రమముగా క్రిందికి దిగు నీరును మారును. మారకముందటి పురుగులు మ్యూజియమున లేనిచో, రేపు బోరులో దొరకినదానిని దేనితో పోల్చవలెను? సియెట్టిటియా బాల్సెటెన్సిస్ సంగతి స్మరింపదగినది. లోకమునకు మొదట తెలిసిన ఆ పాతాళపు పెంకుపురుగును ఇరువదవ శతాబ్ది చివర అంతరించినవాని పట్టికలో చేర్చిరి. దాని పేరులో ఊరి పేరున్నది.

సేకరణము పండితులకే చెందిన పనియని ఎవరును వెనుకాడనక్కరలేదు. కేరళలో కొట్టాయము బావులనుండి 1950లో మేనన్ వర్ణించిన హోరగ్లానిస్ కృష్ణాయ్ అను గ్రుడ్డిచేపకు, 2023లో మరియొక జ్ఞాతి దొరకినది. ఇంటి బావులలో దొరకిన చేపలను సాధారణ జనులు తెచ్చియిచ్చినందువలననే ఆ పరిశోధన సాగినది. కనుక ఆ జాతికి జనులదను అర్థమున హోరగ్లానిస్ పోపులై అని పేరుపెట్టిరి. మన ఇండ్లలో వడియగట్టు గుడ్డపై కదలునది ఏదైన కనబడినచో దానిని ఫార్మలినులో వేయరాదు, జన్యువులు చెడును. నీరు కలపని సారాయి, అనగా పరిశుద్ధమైన ఆల్కహాలు, గల చిన్న సీసాలో వేసి, ఊరు, బావి యున్న పొలము, నీటి లోతు, తేదీ పెన్సిలుతో చీటీపై వ్రాసి ఆ సీసాలోనే వేయవలెను. సిరాతో వ్రాసినది ఆల్కహాలులో కరగిపోవును.